పొట్ట స్కానింగ్‌లో అనుకోకుండా కనబడినవి: లివర్ సిస్టు మొదలుకొని తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విజయవాడ సూర్యారావుపేటలో స్కానింగ్ చేసే డాక్టర్ని. రిపోర్టు కవరు తీసుకున్నవాళ్లు లిఫ్టు దాకా వెళ్తారు, అక్కడే కవరు చింపి చదువుతారు, మొహం మాడ్చుకుని వెనక్కొస్తారు. లిఫ్టు దగ్గర అడిగేవి, రాత్రి పదకొండింటికి చుట్టాలు రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి అడిగేవి, ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికే వెళ్లండి. మిమ్మల్ని చెయ్యి పెట్టి చూసిన డాక్టరు ఇంకోలా చెప్తే ఆయన మాటే వినండి, నేను మిమ్మల్ని చూడలేదు కదా.

నాకో ఫిర్యాదు కూడా ఉంది. రిపోర్టు రెండో లైన్లో ఉన్న ఒక సెంటీమీటరు సిస్టుకి నిద్రపట్టని మనిషి, మొదటి లైన్లో ఉన్న గ్రేడ్ టూ ఫ్యాటీ లివర్‌ని మాత్రం "అది అందరికీ ఉండేదేగా" అని వదిలేస్తాడు. నా భయమంతా ఆ మొదటి లైన్ గురించే.

## రిపోర్టు చేతికొచ్చిన రోజు

గ్యాస్ అని స్కానింగ్‌కి వెళ్తే లివర్లో సిస్టు ఉందన్నారు. గడ్డ అంటే క్యాన్సరేనా?

ముందు ఆ గడ్డ అనే మాట పక్కన పెట్టండి. మనకి సెగగడ్డా గడ్డే, చీముగడ్డా గడ్డే, కొవ్వుగడ్డా గడ్డే, క్యాన్సరూ గడ్డే. అందుకే ఇక్కడ ఒకరు "లివర్లో గడ్డంట" అని ఫోన్లో అనగానే అవతల గుంటూరులో ఏడుపులు మొదలవుతాయి. సింపుల్ సిస్టు అంటే పల్చటి పొర, లోపల తేట నీరు, అంతే. నీటి తిత్తి అనుకోండి. అది క్యాన్సర్ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, లివర్ పనికి అడ్డం రాదు. నలభై దాటినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో, ఎక్కువగా కనబడుతుంది. నాకైతే అది కనబడని రోజు తక్కువ. ఒకటి మాత్రం చూసుకోండి, రిపోర్టులో 'సింపుల్' అని ఉందా లేదా అని. 'కాంప్లెక్స్', 'సెప్టేషన్స్', 'థిక్ వాల్', 'సాలిడ్ కాంపోనెంట్' లాంటి మాటలుంటే ఇంకో పరీక్షతో తేల్చుకోవాలి. అవి ఉన్నంత మాత్రాన కూడా క్యాన్సరని కాదు.

రిపోర్టులో 'యానెకోయిక్', 'ఎస్ఓఎల్' అని ఏవేవో ఉన్నాయి. అవన్నీ జబ్బులేనా?

కావు, చాలావరకు రంగుల పేర్లు. 'యానెకోయిక్' అంటే తెరమీద పూర్తి నల్లగా ఉందని, లోపల నీరు తప్ప ఏమీ లేదని. సిస్టు విషయంలో ఇది మంచి మాట. 'పోస్టీరియర్ ఎన్‌హాన్స్‌మెంట్' అంటే దాని వెనక భాగం తెల్లగా మెరిసిందని, శబ్ద తరంగాలు నీటిలోంచి తేలిగ్గా దాటిపోతాయి కాబట్టి అలా కనబడుతుంది, ఇదీ మంచి మాటే. 'హైపరెకోయిక్' అంటే చుట్టూ ఉన్నదానికన్నా తెలుపు, 'హైపోఎకోయిక్' అంటే నలుపు. 'ఎస్ఓఎల్' అనేదే అందరినీ బెదరగొడుతుంది. లోపల ఏదో ఒకటి చోటు ఆక్రమించి ఉందని మాత్రమే దాని అర్థం, అది నీటి తిత్తి కావచ్చు, రక్తనాళాల ముద్ద కావచ్చు, చీము కావచ్చు, కణితి కావచ్చు. ఆ మూడక్షరాలు పట్టుకుని తెల్లవార్లూ గూగుల్ చేసినవాళ్లని చూశాను.

చివర్లో 'క్లినికల్ కోరిలేషన్' అని రాస్తారు. తప్పించుకోవడానికేనా?

కాస్త ఆ వాసన ఉంది, ఒప్పుకుంటాను. కానీ అసలు కారణం వేరు. నాకు కనబడేది బొమ్మ ఒక్కటే. మీకు జ్వరముందా, బరువు తగ్గారా, హెపటైటిస్ ఉందా, మీ పెద్దమ్మకి కిడ్నీల్లో సిస్టులున్నాయా అన్నవి చీటీలో రాసి ఉండవు, చీటీ మీద ఉండేది 'పొట్ట నొప్పి' అన్న రెండు ముక్కలే. బొమ్మనీ మనిషినీ కలిపి చూసి చెప్పాల్సింది పంపించిన డాక్టరు. కాబట్టి రిపోర్టు మా దగ్గరే చదివించుకుని ఇంటికెళ్లిపోకండి.

నాకు కుడివైపు పక్కటెముకల కింద నొప్పి. సిస్టు వల్లే కదా?

చాలామందిలో కాదు. ఒకటి రెండు సెంటీమీటర్ల సిస్టు నొప్పి పుట్టించదు. అక్కడి నొప్పికి ఎసిడిటీ, పిత్తాశయంలో (గాల్‌బ్లాడర్) రాళ్లు, కండరం పట్టేయడం, మలబద్ధకం లాంటి కారణాలు ముందు వెతకాలి. సిస్టు బాగా పెద్దదై పొట్టనో లివర్ పై పొరనో నొక్కితే బరువుగా ఉండటం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం ఉంటాయి. పెద్ద సిస్టు ఉన్నవాళ్లకి ఉన్నట్టుండి గట్టి నొప్పి వస్తే లోపల రక్తం చేరిందేమో చూడాలి. ఇంకో రకం నొప్పి ఉంది, రిపోర్టు చదివిన సాయంత్రం మొదలయ్యేది. అది నటన కాదు, నిజంగానే నొప్పి తెలుస్తుంది, ధ్యాసంతా అక్కడే ఉంటే అంతే.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకొచ్చింది? నీళ్లు తక్కువ తాగడం వల్లా?

నీళ్ల వల్ల కాదు, కారం వల్ల కాదు, బోరు నీళ్ల వల్లా కాదు. లివర్ తయారయ్యేటప్పుడు పైత్యరస నాళాల ముక్కలు కొన్ని అసలు గొట్టంతో కలవకుండా విడిగా మిగిలిపోతాయి, వాటిలో నీరు ఊరి ఏళ్ల తరబడి మెల్లగా ఉబ్బుతుంది. అంటే బీజం పుట్టుకతోనే ఉంది. ఇప్పుడు కనబడింది అంటే ఇప్పుడు స్కానింగ్ తీయించారని.

రేపటిదాకా ఆగకుండా వెళ్లాల్సిన లక్షణాలు ఏవి?

చలితో జ్వరం వస్తూ కుడివైపు నొప్పి ఉంటే అది నీటి తిత్తి కాకపోవచ్చు, చీముగడ్డ కావచ్చు. మందు, కల్లు అలవాటున్న మగవాళ్లలో అమీబా వల్ల వచ్చే చీముగడ్డ మనవైపు కొత్తేం కాదు, మందులతో బాగా తగ్గుతుంది, అశ్రద్ధ చేస్తే లోపల పగులుతుంది. కళ్లు పచ్చబడటం, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, ఊపిరి తీసుకోలేనంత నొప్పి, ఇవి కూడా ఎమర్జెన్సీకే. కారణం లేకుండా బరువు తగ్గిపోతుంటే రాత్రికి రాత్రి పరుగెత్తక్కర్లేదు గానీ ఆ వారంలోనే చూపించుకోండి.

## అదేమిటో తేల్చుకునే దశ

పరగడుపున రమ్మంటారు. రెండు ఇడ్లీలు తింటే ఏమవుతుందండీ?

ఇడ్లీయే కదా అని తిని వచ్చేవాళ్లు రోజుకొకరుంటారు. తిండి పడగానే పిత్తాశయం పిండినట్టు ముడుచుకుపోతుంది, ఇక అందులో రాయి ఉందో పాలిప్ (లోపలి గోడకి పుట్టే చిన్న బొడిపె) ఉందో తెలియదు. పేగుల్లో గాలి చేరి వెనకున్న క్లోమం (పాంక్రియాస్) కనబడదు. ఆరు గంటలు ఏమీ తినకుండా రండి, కాఫీ టీలు కూడా వద్దు, మామూలు మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు పొద్దున్నే మొదటి నంబరు అడగండి, మాత్రో ఇన్సులినో ఎప్పుడు వేసుకోవాలో ముందురోజే మీ డాక్టర్ని అడిగి పెట్టుకోండి.

అల్ట్రాసౌండ్ చాలా? సీటీ, ఎంఆర్ఐ కూడా తీయించాలా?

అల్ట్రాసౌండ్‌లో స్పష్టంగా సింపుల్ సిస్టు అని తేలితే కథ అక్కడితో అయిపోయింది, నీటిని గుర్తుపట్టడంలో సీటీకన్నా అదే మేలు. గోడ మందంగా ఉండి, లోపల అడ్డపొరలు గానీ గట్టి భాగం గానీ ఉండి తేల్చలేకపోతే అప్పుడు రంగు మందు ఎక్కించి తీసే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ అడుగుతారు. సీటీకి ముందు రక్తంలో క్రియాటినిన్ చూస్తారు, కిడ్నీలు ఆ మందుని బయటికి పంపగలగాలి కదా. ఎంఆర్ఐ ఖరీదెక్కువ, టైమెక్కువ, గొట్టంలో పడుకోవాలి, కానీ లివర్లో చిన్నవాటిని విడదీసి చెప్పడంలో దానిదే పైచేయి. "దేనికైనా మంచిది, సీటీ కూడా తీసేద్దాం" అని ఇంట్లోవాళ్లే ఒత్తిడి పెట్టేవాళ్లున్నారు, వద్దు. వెతికేకొద్దీ ఇంకోటి దొరుకుతుంది, దానికోసం ఇంకో స్కానింగ్.

సీటీ తీయిస్తే రేడియేషన్ వల్లే క్యాన్సర్ వస్తుందంటారు, నిజమా?

ఒక పొట్ట సీటీతో ఒంటికి తగిలేది సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్టులు. ఏ స్కానింగూ లేకుండా నేల నుంచీ ఆకాశం నుంచీ ఏడాదికి 2, 3 మిల్లీసీవర్టులు ఎలాగూ తగులుతాయి. అంటే మూడు నాలుగేళ్లది ఒక్కసారే పడినట్టు. అవసరం ఉంటే భయపడాల్సినంత కాదు, అవసరం లేనప్పుడు ఊరికే తీయించుకునేంత తక్కువా కాదు. పిల్లలకీ పాతికేళ్ల లోపువాళ్లకీ ఇంకొంచెం ఆలోచించాలి. అల్ట్రాసౌండ్‌కీ ఎంఆర్ఐకీ ఈ గొడవ లేదు.

గుంటూరులో 2.1 సెంటీమీటర్లన్నారు, విజయవాడలో 2.6 అన్నారు. పెరిగిందా?

బహుశా పెరగలేదు. సిస్టు ఖచ్చితమైన గుండ్రం కాదు, ప్రోబు (పొట్టమీద ఆనించే పరికరం) ఏ వాలులో పెట్టారు, మీరు ఊపిరి ఎంత బిగబట్టారు, కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి తీశారు అన్నదాన్నిబట్టి నాలుగైదు మిల్లీమీటర్ల తేడా మామూలే. ఒకే రోజు నేనే రెండుసార్లు కొలిస్తే రెండు అంకెలు వస్తాయి.

'హిమాంజియోమా' అని రాశారు. ఇదైనా ప్రమాదమా?

లివర్లో వచ్చే హాని లేని కణితుల్లో అన్నిటికన్నా ఎక్కువ కనబడేది ఇదే. సన్నటి రక్తనాళాలన్నీ ఉండచుట్టుకున్నట్టు ఉంటుంది, అల్ట్రాసౌండ్‌లో తెల్లటి చుక్కలా కనబడుతుంది. హెపటైటిస్, సిర్రోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోవడం), పాత క్యాన్సర్ ఏవీ లేనివాళ్లలో చిన్నది, అచ్చమైన రూపంతో కనబడితే చాలాసార్లు వదిలేస్తాం. అనుమానముంటే రంగు మందు సీటీలోనో ఎంఆర్ఐలోనో అంచుల నుంచి లోపలికి మెల్లగా నిండుతూ కనబడుతుంది, ఆ తీరు చూస్తే తేలిపోతుంది. బయాప్సీ (సూదితో ముక్క తీసి పరీక్షించడం) అక్కర్లేదు, అది రక్తపు ముద్ద, సూది పెడితే రక్తం కారే ప్రమాదం.

'హైడాటిడ్' అన్నారు, కుక్క వల్ల వస్తుందంట. మా ఇంట్లో కుక్క లేదే?

లివర్ సిస్టుల్లో నేను తేలిగ్గా తీసుకోనిది ఇది. ఎకైనోకాకస్ అనే పురుగు పెద్దదయ్యేది కుక్క పేగుల్లో, దాని గుడ్లు కుక్క మలంతో మట్టిలో, గడ్డిలో, ఆకుకూరల మీద పడతాయి. గొర్రెలు మేస్తాయి, వాటి లివర్లో తిత్తులు కడతాయి, కోసినప్పుడు పారేసిన ఆ లివర్ ముక్కలు వీధికుక్కలు తింటాయి, మళ్లీ మొదలు. మధ్యలో ఆ గుడ్లు మన చేతిలోంచో కడగని కూరగాయలోంచో కడుపులోకి పోతే మన లివర్లోనూ తిత్తి కడుతుంది. ఇంట్లో కుక్క ఉండక్కర్లేదు. మటన్ తినడం వల్ల మాత్రం రాదు, ఇది నమ్మించడానికి నాకు చాలా టైము పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు మొదటి నుంచీ ఉన్నదే, గొర్రెలు పెంచే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో మేం దీన్ని తప్పకుండా దృష్టిలో పెట్టుకుంటాం.

స్కానింగ్‌లో గోడ రెండు గీతలుగా కనబడటం, పెద్ద తిత్తిలో పిల్ల తిత్తులు ఉండటం, లోపలి పొర ఊడి తామరాకులా తేలుతుండటం, ఇవి దాని గుర్తులు. రక్తపరీక్ష తోడుంటుంది గానీ అది నెగిటివ్ వచ్చినా హైడాటిడ్ లేదని చెప్పలేం. వైద్యం దశనిబట్టి మారుతుంది: కొందరికి నెలల తరబడి అల్బెండజోల్, కొందరికి ప్రత్యేక పద్ధతిలో సూదితో తీయడం, కొందరికి ఆపరేషన్, పూర్తిగా సున్నం కట్టినదైతే ఊరికే గమనించడం. బడిలో ఫిబ్రవరి, ఆగస్టుల్లో పిల్లలకిచ్చే నులిపురుగుల మాత్ర కూడా అల్బెండజోలే, కానీ అది ఒక్క మాత్ర. ఇక్కడ వాడేది పెద్ద కోర్సు, మధ్యమధ్యలో లివర్, రక్తకణాల పరీక్షలు చేస్తూ వాడాలి, మెడికల్ షాపులో కొనుక్కుని మింగేది కాదు.

సూది పెట్టి ఆ నీరు తీసేసి టెస్టుకి పంపితే తేలిపోతుంది కదా?

సింపుల్ సిస్టులో నీరు తీసినా గోడ అక్కడే ఉంటుంది, కొన్నాళ్లకి మళ్లీ ఊరుతుంది. హైడాటిడ్ అయ్యుండి తెలియక పొడిస్తే ఆ నీరు పొట్టలో ఒలికి కొత్త తిత్తులు మొలవొచ్చు, ఒళ్లంతా ఎలర్జీ కమ్మి ప్రాణం మీదకి రావొచ్చు. అందుకే ముందు బొమ్మలతో తేల్చుకుని, తప్పనప్పుడే సూది.

ఒకటి కాదు, లెక్కలేనన్ని సిస్టులున్నాయన్నారు.

రెండు మూడు ఉంటే ఏమీ కాదు. పది దాటితే పాలీసిస్టిక్, అంటే సిస్టులు లెక్కకు మించి పుట్టే జబ్బు గురించి ఆలోచిస్తాం, కిడ్నీలు కూడా చూస్తాం. కిడ్నీల్లోనూ చాలా ఉంటే వంశపారంపర్యంగా వచ్చే జబ్బు అయ్యుండొచ్చు, తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. అప్పుడు అసలు కాపాడుకోవాల్సింది లివర్ని కాదు, కిడ్నీల్ని: బీపీ, క్రియాటినిన్, మూత్ర పరీక్ష. లివర్ నిండా సిస్టులున్న ఆడవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పి తీరాలి, వాటివల్ల సిస్టులు పెరుగుతాయి.

మా నాన్నగారికి హెపటైటిస్ బి ఉంది. ఇవన్నీ ఆయనకీ వర్తిస్తాయా?

పూర్తిగా వర్తించవు. నీటి తిత్తి ఎవరికైనా నీటి తిత్తే, కానీ హెపటైటిస్ బి, సి, సిర్రోసిస్, ఇదివరకు ఎక్కడైనా క్యాన్సర్ ఉన్నవాళ్ల లివర్లో గట్టి మచ్చ ఏది కనబడినా, సెంటీమీటరైనా సరే, దాని సంగతి తేల్చాల్సిందే. సిర్రోసిస్ ఉన్నవాళ్లకి ఏ లక్షణం లేకపోయినా ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండ్ చేయాలి, దాంతోపాటు లివర్ క్యాన్సర్ ఆనవాలు చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష కూడా చేయిస్తారు. స్కానింగ్‌కి వచ్చినప్పుడు ఈ జబ్బుల సంగతి మాకు చెప్పండి, పరువు గురించి దాచేవాళ్లే ఎక్కువ.

## లివర్ సిస్టు కాక మిగతావి

గ్రేడ్ వన్, గ్రేడ్ టూ ఫ్యాటీ లివర్ అని ఉంది. ఇది అందరికీ ఉండేదేగా?

అందరికీ ఉంటోంది, అదే బాధ. గ్రేడ్ చెప్పేది కొవ్వు ఎంత పేరుకుందో, మచ్చలు కట్టి గట్టిపడిందో లేదో కాదు. గ్రేడ్ వన్ అని నవ్వుకుంటూ వెళ్లిన మనిషికి లోపల గట్టిపడటం మొదలై ఉండొచ్చు, గ్రేడ్ టూ అని ఏడ్చిన మనిషికి అది లేకపోవచ్చు. తెలుసుకోవడానికి చవకైన దారి ఉంది: మీ వయసు, రక్తంలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగు అంకెలతో ఫిబ్-4 అనే లెక్క వేస్తారు. అది 1.3 లోపుంటే చాలామందికి ప్రస్తుతానికి గట్టిపడే భయం తక్కువ, దాటితే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించమంటారు. షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, బీపీ కూడా ఆ వారంలోనే చూపించుకోండి, ఎందుకంటే ఈ జబ్బున్నవాళ్లని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది గుండె.

తగ్గించుకోవడం మీ చేతుల్లోనే ఉంది. ఒంటి బరువులో నూటికి 5 వంతులు తగ్గితే కొవ్వు కరుగుతుంది, 7 నుంచి 10 వంతులు తగ్గితే లోపలి వాపు, గట్టిపడటం కూడా తగ్గుతాయి. 80 కిలోల మనిషి ఆరేడు కిలోలు తగ్గాలన్నమాట. మూడుపూటలా అన్నం, సాయంత్రం పునుగులు, బజ్జీలు, పడుకోబోయే ముందు పెరుగన్నంలో మామిడిపండు, వీటిల్లో ఏవి తీసేయాలో మీకే తెలుసు. మందు తాగేవాళ్లయితే మానేయాలి. 'వీకెండ్‌లో మాత్రమే' అనేది లివర్‌కి అర్థం కాదు.

కిడ్నీలో సిస్టు ఉందన్నారు. డయాలిసిస్ దాకా వెళ్తుందా?

వెళ్లదు. యాభై దాటినవాళ్లలో ఒకటి రెండు సింపుల్ సిస్టులు చాలా మామూలు. సీటీలో బోస్నియాక్ అని గ్రేడు ఇస్తారు: ఒకటి, రెండు అయితే మర్చిపోండి, రెండు-ఎఫ్ అయితే కొన్నాళ్లు గమనిస్తారు, మూడు నాలుగైతే యూరాలజిస్టు దగ్గరికి.

పిత్తాశయంలో పాలిప్ అన్నారు, రాయి అన్నారు. తీసేయించుకోవాలా?

పాలిప్‌ల్లో ఎక్కువ భాగం గోడకి అంటుకున్న కొలెస్ట్రాలే. 10 మిల్లీమీటర్లు, అంతకన్నా పెద్దదైతే పిత్తాశయం తీసేయమంటారు. 6 నుంచి 9 మధ్యలో ఉంటే వయసు, దాని ఆకారం, గోడ మందం చూసి కొందరికి ఆపరేషన్, కొందరికి ఆర్నెల్లకీ ఏడాదికీ మళ్లీ స్కానింగ్. 5, అంతకన్నా చిన్నవి చాలామందికి లెక్కలోవి కావు. రాళ్ల సంగతి వేరు. ఏ బాధా పెట్టని రాయిని సాధారణంగా కదిలించరు. అన్నం తిన్నాక కుడివైపు నొప్పి వచ్చి వీపులోకో భుజంలోకో పాకుతుంటే మాత్రం కెమెరా ఆపరేషన్ గురించి సర్జన్‌తో మాట్లాడండి.

క్లోమంలో చిన్న సిస్టు అంట. ఇదీ లివర్లో సిస్టు లాంటిదేనా?

కాదు. క్లోమంలో కొన్ని రకాల సిస్టులు ఏళ్ల మీద క్యాన్సర్‌గా మారగలవు, కాబట్టి బాధ లేకపోయినా గ్యాస్ట్రో డాక్టరుకి చూపించాలి. ఎంఆర్‌సీపీ అనే ఎంఆర్ఐ తీసి, రకాన్నిబట్టి ఎన్నాళ్లకోసారి చూడాలో చెప్తారు. చాలావరకు గమనించడంతోనే సరిపోతుంది, కానీ ఆ గమనించడం మానకూడదు.

మా అమ్మాయికి అండాశయంలో నీటిబుడగ అన్నారు. పెళ్లి కావలసిన పిల్ల.

నెలసరి వచ్చే వయసులో ప్రతి నెలా అండం పెరిగేది నీటి తిత్తిలోనే. కొన్నిసార్లు అది పగలకుండా కాస్త పెద్దదవుతుంది, రెండు మూడు నెలసరులకి తనంతట తనే పోతుంది. 5 సెంటీమీటర్ల లోపు సింపుల్ సిస్టుకి ఎక్కువమందికి ఏమీ చేయరు. పిల్లలు పుట్టరని దీని అర్థం కాదు, వియ్యాలవారికి చెప్పాల్సిన సంగతి అంతకన్నా కాదు. నెలసరి ఆగిపోయిన పెద్దవాళ్లలో కనబడితే, లేదా ఉన్నట్టుండి మెలిపెట్టినట్టు నొప్పి వస్తే మాత్రం గైనకాలజిస్టు దగ్గరికి వెంటనే వెళ్లాలి.

కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో చిన్న ముద్ద ఉందన్నారు, బాధేమీ లేదు. వదిలేయొచ్చా?

బాధ లేకపోవడం దీనికి లెక్క కాదు. ఎక్కువ భాగం హాని లేని కొవ్వు ముద్దలే, సీటీలో సాంద్రత 10 యూనిట్ల లోపుంటే దాదాపు అదే. అయినా అది దొంగచాటుగా హార్మోన్లు తయారుచేస్తోందేమో ఒకసారి రక్త, మూత్ర పరీక్షలతో చూడాలి, ముఖ్యంగా బీపీ ఎంతకీ దిగనివాళ్లు. 4 సెంటీమీటర్లు దాటితే ఎండోక్రైన్ డాక్టరూ సర్జనూ కలిసి చూడాలి.

'స్ప్లీనంక్యులస్' అని రాశారు, పేరు వింటేనే భయమేస్తోంది.

ప్లీహం (స్ప్లీన్) పక్కన పుట్టుకతో ఉన్న పిల్ల ప్లీహం. ఏం చేయక్కర్లేదు.

బాబుకి కడుపునొప్పి అని తీయిస్తే లింఫ్ నోడ్స్ వాచాయన్నారు. టీబీనా?

పిల్లల్లో జలుబో విరేచనాలో వచ్చి తగ్గాక పేగుల దగ్గర బిళ్లలు కొన్నాళ్లు కనబడతాయి. చిన్నవి, గింజ ఆకారం చెడకుండా ఉన్నవి మామూలే. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం, బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దగా ఉండటం, వీటిల్లో ఏదైనా ఉంటేనే అటువైపు వెతుకుతారు.

## మందులు, తిండి, ఆపరేషన్

పసరు మందుతోనో నేల ఉసిరితోనో సిస్టు కరుగుతుందంటారు కదా?

కరగదు. అది పుట్టుకతో వచ్చిన సంచి, దాన్ని కరిగించే మాత్ర అల్లోపతిలోనూ లేదు. రిపోర్టులో సిస్టు 1.8 నుంచి 1.5 అయిందని పసరు గొప్పగా చెప్పుకునేవాళ్లుంటారు, అది కొలతలో తేడా. నాకు నిజంగా భయమేసేది బాగున్న లివర్‌ని ఈ మందులు పాడుచేయడం. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ విపరీతంగా వాడి లివర్ దెబ్బతిన్న కేసుల్ని ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఏ చూర్ణం వాడుతున్నా డాక్టరు దగ్గర దాచకండి.

ఆవకాయ మానేయాలా? మాంసం తినొచ్చా?

సింపుల్ సిస్టుకి పథ్యం లేదు. ఆవకాయ తినండి, గోంగూర తినండి. మీకు ఎసిడిటీయో బీపీయో ఉంటే ఆ లెక్క వేరు, అది సిస్టు ఖాతాలో రాయకండి.

సిస్టు ఉండగా గర్భం వస్తే ఇబ్బందా?

చిన్న సింపుల్ సిస్టుకి, చిన్న హిమాంజియోమాకి ఇబ్బంది లేదు. బాగా పెద్దదైతే ముందే లివర్ డాక్టరుతో మాట్లాడుకోండి, మొదటి విజిట్‌లోనే గైనకాలజిస్టుకి చెప్పండి.

ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు?

సైజు ఒక్కటే చూసి చేయరు. సిస్టు వల్లే బాధ అని తేలాలి. అప్పుడు రెండు దారులున్నాయి: నీరు తీసేసి మళ్లీ ఊరకుండా లోపలి పొరని మాడ్చే మందు ఎక్కించడం, లేదా కెమెరా ఆపరేషన్లో సిస్టు పైకప్పు కోసేసి నీరు పొట్టలోకి ఇంకిపోయేలా వదలడం. రెంటిలోనూ తిరగబెట్టే అవకాశం కొంత ఉంది. బాధ లేని 3 సెంటీమీటర్ల సిస్టుకి ఎవరైనా ఆపరేషన్ డేటు ఇస్తే, ఇంకో డాక్టరుకి చూపించాకే అడ్వాన్సు కట్టండి.

## ఆ తర్వాత

ఎన్నాళ్లకోసారి స్కానింగ్ చేయించాలి?

బాధ లేని సింపుల్ లివర్ సిస్టుకి మళ్లీ స్కానింగ్ అక్కర్లేదు, ఇది యూరప్ లివర్ డాక్టర్ల సంఘం 2022 మార్గదర్శకాల్లోనూ ఉంది. స్కానింగే నా బతుకుతెరువు, అయినా చెప్తున్నాను, మూడు నెలలకోసారి రాకండి. కొత్తగా బాధ మొదలైతే అప్పుడు రండి.

ఏ డాక్టరుకి చూపించాలి? హైదరాబాద్ వెళ్లాలా?

ముందు మీ జనరల్ ఫిజీషియన్. తేలకపోతే గ్యాస్ట్రో. విజయవాడ జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి), గుంటూరు జీజీహెచ్, రెండూళ్ల మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి, ఓపీలో ఓపిగ్గా కూర్చోగలిగితే చాలు. నీటి తిత్తి కోసం హైదరాబాద్ దాకా టిక్కెట్టు దండగ.

ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలా? చెప్తే ఇవ్వరేమో?

ఫారంలో అడిగితే చెప్పండి, రిపోర్టు జతచేయండి. దాచి తర్వాత క్లెయిమ్ పెడితే ఆ ఒక్క కారణంతో తిప్పికొట్టొచ్చు. 2024లో మారిన నిబంధనల ప్రకారం ముందునుంచీ ఉన్న జబ్బులకి ఆగాల్సిన కాలం గరిష్ఠంగా మూడేళ్లు. మామూలు సిస్టు మీద పెద్దగా పట్టించుకోకపోవచ్చు, ఫ్యాటీ లివర్, షుగర్ కలిసి ఉంటే ప్రశ్నలు వేస్తారు.

పండగ ఆఫర్‌లో ఫుల్ బాడీ చెకప్ ఉంది. పొట్ట స్కానింగ్ ఫ్రీ అంట. చేయించమంటారా?

బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చేయించుకోండి. ఏ బాధా లేనివాళ్లకి పొట్ట స్కానింగ్ ఫ్రీగా వచ్చినా దాంట్లో దొరికేది ఎక్కువగా ఇదిగో ఇలాంటి సిస్టులే. ఆ తర్వాత సీటీ ఫ్రీ కాదు.

పాత రిపోర్టులు దాచుకోవాలా?

రిపోర్టే కాదు, బొమ్మలూ దాచండి. పదేళ్ల క్రితం కూడా ఇంతే ఉందని చూపించగలిగితే సగం పరీక్షలు తప్పుతాయి. అల్ట్రాసౌండ్ బొమ్మలు వచ్చే ఆ నున్నటి కాగితం వేడికి పాడవుతుంది, మన మే నెలలో బీరువాలో ఉన్నా వెలిసిపోతుంది. తీయించిన రోజే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, సీటీ, ఎంఆర్ఐ అయితే సీడీ అడిగి తీసుకోండి, కవరు మీద తేదీ పెద్దక్షరాలతో రాయండి.